బూడిదతో గీసిన కార్లు

ఒతారులో కారు కొనాలంటే
ముందు దాన్ని నిలిపే జాగా చూపించాలి పోలీసులకి.
పొడవెంత, వెడల్పెంత, వీధి ఎటు,
పటం గీసి, సంతకం పెట్టి.
ఆ కాగితం వారం నుంచీ
సోయా సీసా కింద పడి ఉంది.

మా కునిహారు రెండు కార్ల మీద మనసు పడ్డాడు అనుకుంటారు ఊళ్ళో.
కాదు. ఒకటి అతనిది, ఒకటి నాది.

నాది పొట్టిది, ఆవపువ్వు రంగు.
వెనక తలుపు పైకెత్తితే
ఒక బియ్యం బస్తా, రెండు స్కీ సంచులు,
ఇక చాల్లే తల్లీ అంటుంది.
అతనిది ఎత్తుగా, ఛాతీ విరుచుకుని,
మంచు గాడిలో పొట్ట ఆనకుండా పోయే క్రాసోవర్.
"ఫిబ్రవరిలో మన ఎక్కుడు దారిలో
నీ హ్యాచ్‌బ్యాక్ వెల్లకిలా పడ్డ తాబేలు" అంటాడు.
"నీ ఏనుగుని చేపల బజారు సందులో
ఒక్కసారి వెనక్కి తిప్పి చూపించు" అంటాను.
షోరూమ్‌లో హిరోకానె గారు
ఇద్దరికీ తలూపారు, ఇద్దరికీ టీ పోశారు,
ఎవరి పక్షమో తేలనివ్వలేదు.

ఆదివారం పొద్దున్నే
పొయ్యిలో బూడిద బకెట్‌కెత్తుకుని
కొలత టేపు నడుముకి దోపుకుని
బయటికెళ్ళాడు.
రాత్రి కురిసిన మంచు మీద
ముందు నా కారు గీశాడు.
దాని చుట్టూ తన కారు.
వెడల్పులో తేడా రెండు బెత్తెలు.
పొడవులో ఒకటిన్నర మూర.
ఇంతేనా!
వారం రోజులు మేం పెడమొహాలు పెట్టుకున్నది
రెండు బూడిద గీతల మధ్య సందు కోసమా!

రింతారో బూట్లు దులుపుకుని మరీ ఎక్కాడు.
మదోక లేని తలుపు తీసి
లేని బెల్టు పెట్టుకుంది.
వాళ్ళ నాన్న లేని హారన్ కొట్టాడు.

అప్పుడొచ్చింది పక్కింటి కుసనాగి అవ్వ,
స్లెడ్జి మీద కిరోసిన్ డబ్బా లాక్కుంటూ,
మా గోడ వారనే, రోజూ వచ్చే దారినే,
మేం ఈ ఇంట్లోకి రాకముందు నుంచీ ఉన్న దారినే.
"అవ్వా! కారు కింద పడ్డావ్!"
ఆవిడ కిందికి చూసుకుంది.
బూట్ల కింద క్రాసోవర్ వెనక భాగం
మూరన్నర మేర చెరిగిపోయి ఉంది.
"మరి చచ్చానా?" అంది తాపీగా.

సంగతి చెప్పాం.
స్లెడ్జి వదిలి, పిల్లలిద్దరి మధ్య
మంచులో చతికిలబడింది.
"నడుమ జాగా ఉందే.
గురువారం మోకాలికి కరెంటు పెట్టించుకోడానికి
బస్సులో నిలబడే వెళ్తున్నా" అంది.
అడగలేదు. అందంతే.

నా కారులో పిల్లల సీట్లు రెండూ బిగిస్తే
మధ్యలో పిల్లి కూడా పట్టదు.
అతని కారు నిలిపితే
ఆవిడ స్లెడ్జి వీధి చుట్టూ తిరిగి రావాలి,
జారుడు మెట్లు పదిహేడు దిగి.
మంచం ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోమంటారు గానీ
మంచం పక్కన ఎంత వదలాలో
ఎవరూ చెప్పరు.

సాయంత్రానికి మళ్ళీ మంచు.
కార్లు రెండూ పోయాయి.
అవ్వ నడిచిన గాడి మాత్రం
కాస్త పల్లంగా, కాస్త వంకరగా మిగిలింది.

రాత్రి కాగితం ముందు కూర్చున్నాను.
పొడవుకి గడి ఉంది, వెడల్పుకి ఉంది, గేటుకీ ఉంది.
పక్కింటావిడ దారికి గడి లేదు.

కమలాపండు తొక్క తీస్తూ
టీవీ వైపే చూస్తూ అన్నాడు:
"గురువారాలు నేను బస్సెక్కుతాలే.
ముందు సీటు ఆవిడకివ్వు."
"మరి గాడిలో ఇరుక్కుంటే
ఎవరు తోస్తారు?"
"నేనెలా తోస్తాను, బస్సులో ఉంటానుగా!"
వారంలో మొదటిసారి నవ్వాడు, తొన ఒకటి నాకిచ్చి.

సీసా తీశాను.
కాగితం మీద సోయా మరక
చక్రంలా గుండ్రంగా.
దాని పక్క గడిలో రాశాను,
పొడవు: మూడు వందల తొంభై నాలుగు సెంటీమీటర్లు.